రొట్టె నేర్పిన పాఠము

మాది పాలమూరు సీమలోని కోస్గి. జొన్నరొట్టెతో పెరిగితిని. ఒకమారు పుదుచ్చేరిలో మిత్రుడు నన్ను గొప్ప ఫ్రెంచి భోజనశాలకు తోడ్కొనిపోయెను. వెంట యానామువారైన వాని మామగారును వచ్చిరి. బల్లపై కత్తులు, ముళ్ళ చెంచాలు వరుసగా నుండెను. ముందు దేనిని ముట్టవలెనో తెలియక బెదరితిని. "మీదే ఊరు బాబూ?" అని మామగారడుగగా, సిగ్గుపడి "హైదరాబాదు" అంటిని. మిత్రుడు వింతగా చూచెను.

ఇంతలో రొట్టె వచ్చెను. నేను కత్తి నెత్తగా మామగారు నవ్వి, "రొట్టెకు కత్తి యేల? ఫ్రెంచివారు చేతితోనే తుంచుకొందురు" అనిరి. పొయ్యిప్రక్క మా అమ్మ జొన్నరొట్టె తుంచి పెట్టుట జ్ఞప్తికి వచ్చెను.

ఫ్రెంచివారి భోజనసంప్రదాయమును యునెస్కో 2010లో మానవజాతి వారసత్వసంపదలో చేర్చెను. పదిమంది కలిసి కూర్చుండి తినుటను గౌరవించు సంప్రదాయమది. అట్టి పంక్తిలో సొంత యూరును దాచుట తగునా? తలయెత్తి, "అయ్యా, మాది కోస్గి" అంటిని.