కాగిన చప్పుడు

మొన్న నా రాతబల్ల ఫొటో పెడితే ఒక మిత్రుడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు: "అన్నా, మీక్కూడా ఈ సరదాలున్నాయా? కీబోర్డు కోసం ఇంత తిప్పలా?" ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. కానీ ఆ "మీక్కూడా" రెండు రోజులు నా చెవిలోనే ఉండిపోయింది. జవాబు ఇక్కడే రాస్తున్నాను.

ముందు నొప్పి సంగతి చెప్పాలి. పీహెచ్‌డీ రోజుల్లో పేజీకింతని డీటీపీ సెంటరుకు ఇచ్చే స్తోమత లేదు. హాస్టల్ గదిలో కూర్చుని ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను. అందులో గుణింతాలు ఎక్కువగా ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ఒత్తు పడాలంటే డి కీ మీదున్న పొల్లు కొట్టాలి. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి ఆరు దెబ్బలు, అందులో రెండు డి మీదే. తెలుగులో ఒత్తులెన్నో మీకు చెప్పక్కర్లేదు. నా థీసిస్ 340 పేజీలు. వైవా నాటికి ఆ పాత ల్యాప్‌టాప్‌లో డి మీది అక్షరం చెరిగిపోయింది. పొద్దున లేస్తే నా ఎడమ చేతి నడిమి వేలు ముడుచుకునేది కాదు.

మామూలు కీబోర్డులో కీల కింద రబ్బరు పొర ఉంటుంది. అడుగంటా నొక్కితేనే అక్షరం పడుతుంది. మెకానికల్ దాంట్లో ప్రతి కీకి సొంత స్విచ్, సొంత స్ప్రింగు. కీ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, దాదాపు 2 దగ్గరే అక్షరం పడిపోతుంది. చెర్రీ అనే జర్మన్ కంపెనీ 1980లలో తెచ్చిన నమూనా ఇది. పేటెంటు గడువు తీరాక చైనా కంపెనీలు చౌకగా చేయడం మొదలుపెట్టాయి. అందుకే నాబోటివాడి దాకా వచ్చింది. ఎర్ర స్విచ్ జారినట్టు దిగుతుంది. నీలంది టిక్కుమంటుంది. గోధుమరంగుది మధ్యలో వేలికి చిన్న గుబ్బ తగిలినట్టుంటుంది.

నాది 87 కీలది. ఎవరో వాడి అమ్మింది, 3,500కి కొన్నాను. దానికి టంకం పని లేదు, స్విచ్ పీకి ఇంకోటి గుచ్చుకోవచ్చు. అన్నిటి కిందా గోధుమరంగువి పెట్టి, డి కింద మాత్రం తేలిక స్ప్రింగున్న ఎర్రది పెట్టాను. నాకు దొరికిన కీక్యాపులన్నీ ఇంగ్లీషువే. అందుకే అసలు అక్షరాలే లేనివి వేశాను. ఏది ఎక్కడుందో నా వేళ్లకు తెలుసు.

వేలి నొప్పి తగ్గింది. అక్కడ ఆగాల్సింది, ఆగలేదు. ప్రతి స్విచ్ విప్పి, సన్న కుంచెతో గ్రీజు పూయడం మొదలుపెట్టాను. గరగర పోయి చప్పుడు గుండ్రంగా వస్తుంది. ఎక్కువ పూస్తే బంకగా దిగుతుంది. గోధుమరంగుదాని కాళ్లకు తగిలితే ఆ గుబ్బ మాయం. రెండు ఆదివారాలు పట్టింది. రెండో ఆదివారం అమ్మ ఫోన్ చేస్తే "పేపర్లు దిద్దుతున్నా" అని అబద్ధం చెప్పాను. మా ఇంట్లో ఏదన్నా కొంటే అది పనికన్నా రావాలి, పెళ్లికన్నా రావాలి. చెవికి బాగుంటుందని కొనడం ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

తర్వాత కంటి పరీక్షకని నాయిన వచ్చాడు. రాత్రి నేను టైపు చేసుకుంటుంటే వెనక మంచం మీద పడుకుని వింటున్నాడు. నిద్రపోయాడనుకున్నా.

"అన్నీ ఒక్క తీరుగ మోగుతున్నయి గని, గా పెద్దది గలగలమంటున్నది. అది కాగలేదు బిడ్డా."

పెద్దదంటే స్పేస్ బార్. పొడుగు కీల కింద స్టెబిలైజర్ అనే తీగ ఉంటుంది. దానికి నేను గ్రీజు పెట్టలేదు.

నాయిన నలభై ఏళ్లు డప్పు కొట్టాడు. కొట్టేముందు మంట మీద కాచేవాడు. ఒక్క దెబ్బ వేసి వినేవాడు, మళ్లీ కాచేవాడు. సిర్ర, చిటికెన పుల్ల తన చేతికి సరిపోయేట్టు తనే చెక్కుకునేవాడు, ఇంకొకరివి ముట్టేవాడు కాదు. పెళ్లివాళ్లు "ఇంకెంతసేపురా" అని అరుస్తున్నా తలెత్తేవాడు కాదు. ఆ కాచిన సేపుకు ఎవరూ కూలి ఇవ్వలేదు. చప్పుడు సరిగ్గా రావాలని ఆయనకే ఉండేది. చిన్నప్పుడు నాకది ఆలస్యంలా కనిపించేది.

అప్పటికప్పుడే లేచి స్పేస్ బార్ పీకాను. తీగకు గ్రీజు పెట్టి, బిగించి, ఒక దెబ్బ కొట్టాను.

"ఇప్పుడు?"

"ఇంకొంచెం."

మళ్లీ పీకాను. మూడోసారికి నాయిన ఏమీ అనలేదు, అటు తిరిగి పడుకున్నాడు.

కాబట్టి తమ్ముడూ, మాక్కూడా ఉన్నాయి. చాలా కాలంగా ఉన్నాయి. అమ్మకు కూడా ఫోన్ చేసి నిజం చెప్పేశాను. "ఎంతయింది?" అంది. అదొక్కటి ఇంకా చెప్పలేదు.