తాండూరు బండ ఎవరు మోయాలి?

తాండూరు దాటి ఓగిపూర్ వైపు వెళ్తే రోడ్డు, చెట్ల ఆకులు, ఆగి ఉన్న లారీలు అన్నీ రాతిపొడి రంగులోనే కనిపిస్తాయి. ఇక్కడ నేల కింద నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. మిషన్‌తో గాటు పెట్టి గడ్డపారతో లేపితే పలకలుగా వస్తుంది. కొన్ని నీలం, కొన్ని పసుపు.

2025 నవంబరులో నేను వెళ్లిన పాలిష్ యూనిట్లో సగం మిషన్లు తిరగడం లేదు. కరెంటు లేదేమో అనుకుని అడిగాను. "కరెంటుంది, ఆర్డర్లున్నయ్. చేసేటోళ్లే లేరు సార్" అన్నాడు యజమాని. ఛఠ్ పండుగకు బిహార్ పోయినవాళ్లు, ఆ వెంటే అక్కడ ఎన్నికలు రావడంతో ఓట్లేసి వస్తామని ఆగిపోయారట. వాళ్లలో ఎందరు తిరిగొస్తారో రైలు దిగేదాకా ఎవరికీ తెలియదు.

బయట లారీకి లోడింగ్ జరుగుతోంది. ఆ పని కాసేపు నిలబడి చూడాల్సిందే. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న బండ సుమారు 24 కిలోలు తూగుతుంది. ఒకదానిపై ఒకటి పడుకోబెడితే దారిలో పగులుతాయి కాబట్టి ప్రతి బండనూ చేత్తో ఎత్తి అంచు మీద నిలబెట్టాలి. 18 టన్నుల లోడంటే ఇలాంటివి 750 బండలు, అంటే మూడు వేల చదరపు అడుగులు. ఇక్కడ 750 సార్లు ఎత్తాలి, హైదరాబాద్‌లోనో పుణెలోనో మళ్లీ అన్నిసార్లు దించాలి.

మనిషి కొరత లారీ కొరతగా మారేది ఇక్కడే. ఎత్తే చేతులు సగమైతే పొద్దున వచ్చిన లారీ రాత్రిదాకా కదలదు. నెలలో వేయాల్సిన ట్రిప్పులు తగ్గుతాయి, కిస్తీ మాత్రం తగ్గదు. "తిరిగితేనే నాకు పైసలు. ఈడ నిలబడితే ఫైనాన్సోడు ఊకుంటడా?" అన్నాడు బండి సొంతదారైన డ్రైవర్. తిరుగు లోడు దొరక్కపోతే ఖాళీగా వచ్చిన డీజిల్ ఖర్చు కూడా బండ ధరలోనే కలుస్తుంది. మనం షాపులో బేరమాడేది రాయి ధరని అనుకుంటాం గానీ, అందులో పెద్ద వాటా ఎత్తిన నడుములది, తిరిగిన చక్రాలది.

డ్రైవర్లు కూడా తక్కువే. 2024 జనవరి మొదట్లో కొత్త హిట్ అండ్ రన్ శిక్షకు భయపడి వాళ్లు స్టీరింగ్ వదిలేస్తే, రెండో తేదీన హైదరాబాద్ బంకుల దగ్గర క్యూలు ఎలా పెరిగాయో చూశాం. 2021లో బ్రిటన్‌లోనైతే డ్రైవర్లు చాలక బంకులకు పెట్రోలు చేర్చడానికి సైన్యం ట్యాంకర్లు నడపాల్సి వచ్చింది.

రైలు లేదా అంటే ఉంది. నిజాం కాలంలో 1874లో వచ్చిన వాడి–సికింద్రాబాద్ లైను తాండూరు, వికారాబాద్‌ల మీదుగానే పోతుంది. సిమెంటు కంపెనీలకు అది పనికొస్తుంది. లారీ లోడు అమ్ముకునే చిన్న వ్యాపారి గూడ్సు రైలును ఎలా నింపుతాడు? పైగా ఎన్నిసార్లు ఎత్తి దించితే అన్ని బండలు విరుగుతాయి.

ఇక మిగిలింది రోడ్డు. మన్నెగూడ, చేవెళ్ల మీదుగా హైదరాబాద్ వెళ్లే దారి విస్తరణ, రోడ్డు పక్క మర్రిచెట్లు కొట్టొద్దన్న కేసుతో ఏళ్ల తరబడి ఆగింది. ఆ చెట్లను చూసినవాడెవడూ వాటిని తప్పు పట్టలేడు. కానీ 2025 నవంబరు 3 ఉదయం అదే దారిలో మీర్జాగూడ దగ్గర, తాండూరు నుంచి వెళ్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొట్టి 19 మంది చనిపోయారు. సరుకు బండ్లూ జనం బస్సులూ ఒకే ఇరుకు దారిలో నడవడం మామూలు విషయమన్నట్టు ఇన్నేళ్లు ఊరుకున్నాం.

మనుషుల కోసం ఎదురుచూసేది బండ ఒక్కటే కాదు. తాండూరు బజారులో కంది మాట లేకుండా సంభాషణ సాగదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన పంట అది. కోత సంక్రాంతి చుట్టుపక్కల వస్తుంది. మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు అప్పటికి తిరిగి రాకపోతే యార్డులో రాశులు కదలవు. 2025–26లో మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. అప్పు తీర్చాల్సిన రైతు అన్ని రోజులు ఆగలేడు, వచ్చిన ధరకు అమ్ముకుంటాడు.

వాడి–సికింద్రాబాద్ లైన్లోనే ఉన్న లింగంపల్లి స్టేషన్ నుంచి, లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీల కోసం, 2020 మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు సుమారు 1,200 మందిని ఎక్కించుకుని ఝార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. వారం తిరిగేసరికి బిహార్‌లోని ఖగడియా నుంచి అదే స్టేషన్‌కు ఇంకో రైలు వచ్చింది. అందులోంచి తెలంగాణ రైసుమిల్లుల కోసం 225 మంది హమాలీలు దిగారు. లాక్‌డౌన్ ఎత్తకముందే కూలీలను పిలిపించుకోవాల్సి వచ్చిందంటే ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో తెలుస్తూనే ఉంది.

మరి ఇక్కడి పిల్లలేరి? క్వారీల్లో వయసు అరగదీసిన ఒక పెద్దాయన చెప్పాడు: "మా పిలగాండ్లు రారు సార్. పట్నంల డెలివరీ బండి నడుపుకుంటరు. అండ్ల నడుం ఇరగదు, దుమ్ము తినేదుండదు." చుట్టుపక్కల తండాల నుంచి ముంబయి, పుణెలకు వలస పోయేవాళ్లూ ఉన్నారు. మనుషులు లేకపోలేదు. ఈ కూలికి ఈ దుమ్ములో పని చేసేవాళ్లు మాత్రం లేరు. దీన్ని కార్మికుల కొరత అనడం యజమానులకు సుఖమైన మాట. బండలెత్తే చిన్న క్రేన్లు, దుమ్ము పట్టే యంత్రాలు, ఉండటానికి గదులు, పండుగకు పోయి వచ్చినా పోని ఉద్యోగం ఇస్తే ఈ కొరతలో చాలా భాగం తీరుతుందని నా నమ్మకం.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు ఒక మాట. తాండూరు బండలు కావాలంటే ఛఠ్‌కు ముందే ఆర్డరు పెట్టండి. దించే మనుషుల్ని లారీ బయల్దేరకముందే మాట్లాడుకోండి. బండ ధరలో ఎంత బేరమాడినా సరే, హమాలీ కూలిలో మాత్రం ఆడకండి.