మా మేనకోడలు – జర్మను కొలువు

మా గుత్తిలో పైలట్ అనే మాటకు అర్థం వేరు. రైల్వేవారు డ్రైవరు అనే పేరు మార్చి లోకో పైలట్ అన్నప్పటి నుంచి, ఊరిలో సగం ఇళ్లకు ఎవరో ఒక పైలట్ బంధువు ఉన్నాడు. అందుచేత మా అక్క కూతురు పైలట్ అయినదని చెప్పినప్పుడు, జంక్షన్ దగ్గర టీ అంగడి పెద్దాయన "ఏ లింకులో వేసినారు, గూడ్సా, ప్యాసింజరా?" అని అడిగాడు. విమానం అని చెప్పిన తరువాత ఆయన కొంతసేపు మాట్లాడలేదు.

అమ్మాయి వాణిజ్య విమానచోదకుల లైసెన్సు సంపాదించి రెండేండ్లయినది. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి, వాయుయాన మార్గశాస్త్రం, వాతావరణశాస్త్రం, విమాన నిబంధనలు మొదలైన పరీక్షలు ఒక్కొక్కటిగా దాటి, రెండు వందల గంటలు గాలిలో తిరిగి తెచ్చుకున్న లైసెన్సు అది. ఖర్చు యాభై లక్షలకు పైచిలుకు. మా బావ గుత్తి లోకో షెడ్డులో ఫిట్టరు. ఊరికి తూర్పున ఆరెకరాల మెట్టభూమి ఉన్నది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే వాన కురిసే ఈ జిల్లాలో ఆ భూమి వేరుశనగ విత్తనం కూడా తిరిగి ఇవ్వని సంవత్సరాలు నాకు బాగా జ్ఞాపకం. ఆ భూమి, అక్క నగలు, బావ భవిష్యనిధి మూడూ కలిసి ఆ లైసెన్సుగా మారినవి. భూమి అమ్మలేదు, బ్యాంకులో తాకట్టులో ఉన్నది. లైసెన్సు వచ్చినది గాని ఉద్యోగం రాలేదు. అక్కడ మొదలైనది ఈ జర్మను కథ.

బెంగుళూరు నుంచి ఒక మధ్యవర్తి ఫోనులో పరిచయమైనాడు. పన్నెండు లక్షలు చెల్లిస్తే జర్మనీలో విమానసంస్థలో ఉద్యోగం ఖాయమనీ, భాషతో పనిలేదనీ, ఆకాశంలో అందరూ ఇంగ్లీషే మాట్లాడుతారనీ అతని వాదన. బావ భూమిలో సగం అమ్మడానికి సిద్ధపడి నా దగ్గరకు వచ్చాడు. "నువ్వు భాషలు చెప్పే పంతులువి గదప్పా, ఈ మాట నిజమా అబద్ధమా నువ్వే తేల్చు" అన్నాడు. ముప్పై ఏండ్లు భాష బోధించి జీతం తీసుకున్నవాడిని. విమానం లోపల ఏముంటుందో నాకు తెలియదు. భాష ఎక్కడ అవసరమో, ఎక్కడ కాదో అన్నది మాత్రం నా వృత్తికి సంబంధించిన ప్రశ్నే.

అతని మాటలో సగం నిజం ఉన్నది. అంతర్జాతీయ విమానయానంలో పైలట్లు, నియంత్రణాధికారులు మాట్లాడుకునే ఉమ్మడి భాష ఇంగ్లీషు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ పట్టణం వద్ద సౌదీ విమానం, కజక్ విమానం ఎదురెదురుగా ఢీకొని 349 మంది మరణించారు. కజక్ విమానంలో ఇంగ్లీషు వినగలిగినది రేడియో ఉద్యోగి. అతడు విని చెప్పిన తరువాతనే పైలట్లకు సూచన అందేది. ఆ విషాదం వంటివాటి ఫలితంగానే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఇంగ్లీషు ప్రావీణ్యానికి ఆరు స్థాయిలు నిర్ణయించి, నాలుగవ స్థాయి కనీసమని విధించింది. మా అమ్మాయికి ఆ స్థాయి ఉన్నది.

కాని గాలిలో మాట్లాడే మాటలు ఉద్యోగంలో కొద్దిభాగమే. జర్మను మాట్లాడే సంస్థలు పైలట్లను పిలిచే ప్రకటనలు అమ్మాయి కంప్యూటరులో చూపగా, నేను నిఘంటువు పక్కన పెట్టుకుని రెండు రాత్రులు చదివాను. లుఫ్తాన్సా కుటుంబానికి చెందిన సంస్థలలో సాధారణంగా కనిపించిన షరతులివి: జర్మను, ఇంగ్లీషు రెండూ ధారాళంగా రావలెను, ఐరోపా సమాఖ్యలో పరిమితి లేకుండా నివసించి పనిచేసే హక్కు ఉండవలెను, ఏ దేశానికైనా అడ్డంకి లేకుండా వెళ్లగల పాస్‌పోర్టు ఉండవలెను. ఇవి గాక మన లైసెన్సు అక్కడ నేరుగా చెల్లదు. ఐరోపా లైసెన్సు కోసం పదమూడు విషయాలలో, ఒక్కొక్కదానిలో నూటికి డెబ్బయి ఐదు మార్కులతో, మళ్లీ పరీక్షలు వ్రాయవలెను. వైద్యపరీక్ష, విమానం నడిపి చూపించే పరీక్ష వేరు. ఇవన్నీ దాటినా హాంబుర్గు నగరంలోని జర్మను అంతరిక్ష పరిశోధనా కేంద్రం జరిపే యోగ్యతా పరీక్ష వంటిది ఎదురవుతుంది. నోటిలెక్కలు, జ్ఞాపకశక్తి, దిక్కుల ఊహ, ఒకేసారి మూడు పనులు చేయగల నేర్పు అందులో కొలుస్తారు.

బావకు ఇదంతా వివరించాను. "ఇంగ్లీషు వస్తే చాలదా? ఆ భాష రాకుంటే విమానం లేవదా?" అన్నాడు. విమానం లేస్తుంది. ప్రయాణానికి ముందు వాతావరణం, ఇంధనం గురించి సిబ్బంది కూర్చుని మాట్లాడుకునే సమావేశం, యంత్రం కింద నిలబడిన మెకానిక్కు చెప్పే లోపం, ప్రయాణికులకు చేసే ప్రకటన, గుండెనొప్పి వచ్చిన ముసలాయన గురించి పరిచారిక పరుగున వచ్చి చెప్పే మాట, ఇవన్నీ ఏ భాషలో జరుగుతాయి? "మీ షెడ్డులో ఇంజనుకు ఏం జబ్బో డ్రైవరు కన్నడంలో వ్రాసిపోతే నువ్వేం చేస్తావు బావా?" అని అడిగాను. ఆయన నవ్వాడు గాని ఒప్పుకున్నాడు.

ఈ సందర్భంలో మరొక ప్రమాదం గురించి కూడా చదివాను. 2000 జనవరి 10న జూరిచ్ నుంచి డ్రెస్డెన్ బయలుదేరిన క్రాసేర్ విమానం రెండు మూడు నిమిషాలలో నీడర్‌హాస్లి వద్ద నేలకూలి, అందులోని పదిమందీ మరణించారు. కెప్టెన్ మోల్డోవా దేశస్థుడు, సహపైలట్ స్లొవాక్. చీకటిలో, మబ్బులో కెప్టెన్ దిశాస్పృహ కోల్పోయినాడని దర్యాప్తు తేల్చింది. దానికి భాషే కారణమని నేననను. అయినా ఇద్దరికీ మాతృభాష కాని ఇంగ్లీషులో, ఆ కొన్ని క్షణాలలో, "తప్పు వైపు తిరుగుతున్నావు" అని గద్దించి చెప్పడం ఎంత కష్టమో ఊహించగలను.

మధ్యవర్తికి డబ్బు ఇవ్వలేదు. ఉద్యోగం 'ఖాయం' అన్నవాడు ఆ ప్రకటనలోని మొదటి షరతునే దాచినాడని తెలిసిన తరువాత ఇక మాట్లాడవలసినది లేకపోయినది. అమ్మాయి స్వయంగా ఒక సంస్థకు దరఖాస్తు పంపగా, పని హక్కు లేనందున పరిశీలించలేమని నాలుగు వరుసల మర్యాదైన జవాబు వచ్చింది. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఆ ఉత్తరం చూసి అక్క ఏడ్చింది. అమ్మాయి ఏడ్వలేదు. అది జర్మనులో ఉన్నది, పూర్తిగా అర్థమైనది, అదే ఆమెకు సంతోషం!

అప్పటికి ఆమె హైదరాబాదులోని గ్యోటే కేంద్రంలో ఆరు నెలలుగా జర్మను నేర్చుకుంటున్నది. ఉభయభాషల ఈ పత్రిక పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి చెప్పాలి. జర్మనులో ప్రాణం లేని వస్తువులకు కూడా లింగం ఉన్నది. బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం. తెలుగు మాత్రమే తెలిసినవారికి ఇది వింతగా తోస్తుంది. కాని గుత్తిలో ఉర్దూ మాట్లాడే ఇంటి పక్కన పెరిగిన పిల్లకు మేజ్ స్త్రీలింగమనీ, చిరాగ్ పుంలింగమనీ ఐదేండ్లకే తెలుసు. ఇక క్రియ సంగతి. 'అని', 'కనుక' వంటి అర్థాలతో వచ్చే ఉపవాక్యాలలో జర్మనువారు క్రియను చివరకు నెట్టుతారు. ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారు అక్కడ తడబడతారట. తెలుగువారికి క్రియ చివరకు రావడం పుట్టుకతో వచ్చిన అలవాటు. "మామా, నాకు సగం ఉర్దూ నేర్పింది, సగం తెలుగు నేర్పింది, డబ్బులు మాత్రం నాయన కట్టినాడు" అన్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో బెంజమిన్ షుల్ట్జె అనే జర్మను మతాచార్యుడు మద్రాసులో తెలుగు నేర్చి, స్వదేశంలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. అచ్చయిన తొలి తెలుగు పుస్తకాలు అవే. మనం ఆ భాష నేర్చుకోవడం కాస్త ఆలస్యమైనది, అంతే.

ఇక ఆడపిల్ల అనే ప్రశ్న. బంధువులలో కొందరు "జర్మనీవాళ్లు అభివృద్ధి చెందినవాళ్లు, అక్కడయితే ఆడవాళ్లకు అడ్డు లేదు" అన్నారు. చరిత్ర అలా చెప్పడం లేదు. రీటా మైబుర్గ్ అనే జర్మను యువతి, ఆడవారిని పైలట్లుగా తీసుకోనందుకు లుఫ్తాన్సా మీద 1970 దశకంలో కోర్టుకెక్కి ఓడిపోయింది. మరొక చిన్న సంస్థలో 1976లో కెప్టెన్ అయి, మరుసటి ఏడే కారు ప్రమాదంలో మరణించింది. లుఫ్తాన్సా విమానాన్ని మొదటిసారి స్త్రీలు నడిపినది 1988లో. మన హైదరాబాదులో డెక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ ప్రేమ్ మాథుర్‌ను పైలట్‌గా తీసుకున్నది దానికి దశాబ్దాల ముందే! అంతకు ముందు ఎనిమిది సంస్థలు ఆమెను కాదన్నాయంటారు. నిన్న మొన్నటి వరకు చూసినా, బేకరీ కార్మికుని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా హైదరాబాదు పాతబస్తీ నుంచి పైలట్ అయినది. ఆమె పై శిక్షణకు ప్రభుత్వమే సహాయం చేసింది. మన దేశపు పైలట్లలో స్త్రీలు దాదాపు పదిహేను శాతం; ప్రపంచం మొత్తం మీద ఐదు శాతం చుట్టుపట్ల. ఈ లెక్క విన్న తరువాత బావ బంధువులతో వాదించడం మొదలుపెట్టాడు. నేను ఆపలేదు.

మరొక సంగతి విని ఆయన ఆశ్చర్యపోయినాడు. జర్మనువారు తమ పైలట్లకు తొలి శిక్షణ 1970 నుంచి దశాబ్దాలపాటు అమెరికాలోని ఆరిజోనా ఎడారిలో, గుడ్‌ఇయర్ అనే ఊరిలో ఇప్పించారు. జర్మనీలో మబ్బు, మంచు. అక్కడ ఏడాది పొడవునా నిర్మలాకాశం. "మబ్బు లేని ఊరి కోసం అంత దూరం పోయినారా? మన గుత్తికి వచ్చింటే సరిపోయేది గదప్పా!" అన్నాడు. ఆయన ఆరెకరాల పొలం గట్టు మీద నిలబడి అన్న మాట అది. కొండ మీద కోట స్పష్టంగా కనిపిస్తున్నది, ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు, వేరుశనగ ఆకు ముడుచుకుని ఉన్నది.

ఇప్పుడు ఇంట్లో కుదిరిన నిర్ణయం ఇది. భూమి అమ్మకూడదు. ముందు మన దేశంలోనే ఏదైనా సంస్థలో చేరి, గంటలు పెంచుకుని, బ్యాంకు బాకీ తీర్చవలెను. జర్మను చదువు ఆపకూడదు. నివసించి పనిచేసే హక్కు లభించే దారి దొరికిననాడు భాష చేతిలో సిద్ధంగా ఉండవలెను. ఇది అమ్మాయి చేసిన ఏర్పాటే, మేము తలలూపినాము. దీనికి ఆరేండ్లు పట్టవచ్చు, పదేండ్లు పట్టవచ్చు. అక్క మాత్రం పెళ్లి మాట ఎత్తి, ఎవరూ బదులు చెప్పక, వంటింటిలోకి వెళ్లిపోయింది. ఆ చర్చ ఇంకా మిగిలే ఉన్నది.

ఫిబ్రవరిలో రెండు పిలుపులు ఒకే వారంలో వచ్చాయి. సోమవారం హైదరాబాదులో జర్మను మూడవ మెట్టు పరీక్ష, గురువారం ఢిల్లీలో ఒక విమానసంస్థ సహపైలట్ ఉద్యోగానికి నమూనా విమానంలో పరీక్ష. మంగళవారం రాత్రి ఢిల్లీ రైలు. బావ షెడ్డులో సెలవు పెట్టి, రైల్వే పాసు వ్రాయించుకుని వచ్చాడు. ఆ సాయంకాలమంతా అమ్మాయి ఆయనకు రేడియోలో జర్మనువారు అంకెలు చెప్పే తీరు నేర్పింది. రెండును మామూలుగా త్స్వై అంటారు, మూడును ద్రై అంటారు. వినడంలో పొరపాటు రాకుండా రేడియోలో రెండును త్స్వో అంటారట. "మా షెడ్డు వాకీటాకీలో గూడ ఇదే గోల" అంటూ ఆయన ఆ మాట పది పన్నెండుసార్లు పలికి, నోరు తిరిగిన తరువాతనే అన్నానికి లేచాడు.