వేక్ ద్వీపం, మా బావ, చిన్నరసాలు

మీలో ఎవరైనా బాటిల్‌ఫీల్డ్ 1942 ఆడారా? 2002లో వచ్చిన ఆట. నేను ఇంజనీరింగ్‌లో చేరేసరికే ముసలిదైపోయింది. మా పాత కంప్యూటర్లో నడిచేది అదొక్కటే మరి. సెలవులకి నూజివీడు వెళ్తే నేనూ, మా బావా రెండు కంప్యూటర్లకీ కేబుల్ కలిపి, కరెంటు ఉన్నంతసేపూ వేక్ ఐలాండ్ మ్యాపే ఆడేవాళ్ళం.

గుర్రపు నాడాలాంటి దీవి. అమెరికా వాళ్ళు ఒడ్డున, మేం జపాను, సముద్రంలో ఓడ మీద. నా వ్యూహం ఒకటే: పడవెక్కు, ఎదురుగా ఉన్న బీచ్‌కి పో, కాల్చు. చచ్చి మళ్ళీ పుట్టిన ప్రతిసారీ ఓ టికెట్టు పోతుంది. పది నిమిషాల్లో సగం టికెట్లు తగలేసేవాణ్ణి :)

"కోతుల్ని చూసి నేర్చుకోరా" అనేవాడు బావ. "రెండు కోతులు గేటు దగ్గర గోల చేస్తాయి. మావయ్య టపాకాయలు పట్టుకుని అటు పరిగెత్తగానే మందంతా వెనక బోరు వైపు దిగుతుంది."

అదే చేశాం. విమానంతో ఒడ్డునున్న ఫిరంగుల నోరు మూయించాలి. ఓ పడవ ముందు నుంచి, ఇంకోటి దీవి బయటి వైపు నుంచి చుట్టి, కాపలా లేని జెండా దగ్గరికి. ఒక్క జెండా చేతికొస్తే చాలు, తర్వాత పుట్టేవాళ్ళు దీవి మీదే పుట్టొచ్చు.

అసలు యుద్ధంలోనూ దాదాపు ఇంతే. 1941 డిసెంబర్ 11న ఫిరంగులకి ఎదురొచ్చిన జపాను రెండు డిస్ట్రాయర్లు పోగొట్టుకుని వెనక్కి పోయింది. విమానాలతో ముందు బాంబులు వేయించి, డిసెంబర్ 23న చీకట్లో దిగి గెలిచింది. ఆ నౌకాదళపు విమానాలే 1942 ఏప్రిల్ 6న మన విశాఖ, కాకినాడల మీదా బాంబులేశాయని తాతయ్య చెప్పేదాకా నాకు తెలీదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న బావ ఫోన్ చేశాడు. చిన్నరసాల తోట కొట్టేసి ఆయిల్ పామ్ వేస్తాట్ట. రెండేళ్ళుగా తామర పురుగుకి పూత నిలవట్లేదు. తాతయ్య నాటిన చెట్లు ఎలా కొడతావని అరిచాను.

"ఒకే బీచ్‌కి ఎన్నిసార్లు పొమ్మంటావురా? మందులు కొట్టేది నేను. పోయే టికెట్లు నావి."

నోట మాట రాలేదు. హైదరాబాదులో ఏసీలో కూర్చుని, ఏటా వచ్చే పళ్ళ బుట్ట తినడం తప్ప నేను చేసిందేముంది?

రెండ్రోజులు ఆలోచించి నేనే చేశాను. "ఆయిల్ పామ్ కాపుకి రావాలంటే నాలుగేళ్ళు పడుతుంది బావా. అందాకా తిండి పెట్టేది మామిడే కదా. ముందు బోరు వైపు మూడెకరాలే తీద్దాం. మొక్కల డబ్బు, పైపుల డబ్బు నాది."

కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వాడు. "ఇన్నాళ్ళకి వెనక వైపు నుంచి వచ్చావు."

గేటు వైపు చెట్లు ఉంటాయి, అంతవరకు ఒప్పుకున్నాడు. వాటి మందుల ఖర్చులో సగం కూడా నాదేనని తర్వాత చెప్పాడనుకోండి :)