ఒక చిన్న సొర

సొర యనగానే పడవను వెంబడించు ఘోరరూపమే మన తలపునకు వచ్చును. కాని సొరలన్నియు నట్టివి కావు. తీరసముద్రపు టడుగున ఇసుకమీదను, రాళ్లసందులలోను మెలగుచు, చిన్న చిన్న ప్రాణులను తిని బ్రతుకు సాధుజీవులును వానిలో కలవు. బూడిదవన్నె వెదురుసొర యట్టిది.

దీనిని నేను విశాఖపట్టణపు చేపలరేవులో చూచితిని. మూరెడు పొడవున్నది. వలనుండి తీసి చాలసేపైనను దాని మొప్పలింకను మెల్లగా కదలుచుండెను. నీరు వీడియు గంటలకొలది ప్రాణము నిలుపుకొనగల చేప యిది.

దీని గుర్తులు స్పష్టమైనవి. నోరు కన్నులకు ముందుండును. ముక్కురంధ్రములచెంత పొట్టి మీసములు, కంటిక్రింద నొక రంధ్రము ఉండును. అడుగున కదలక పడియున్నపు డీ రంధ్రముగుండ నీటిని పీల్చి మొప్పలకు పంపును. వీపున ముండ్లులేని రెక్కలు రెండు, తోకవైపునకు జరిగియుండును. పిల్లల యొడలిపై నల్లని యడ్డపట్టెలుండును. పెరిగినకొలది నవి మాసిపోవును. పిల్లను, తల్లిని ప్రక్కప్రక్కన నుంచినచో రెండు జాతులని తోచును. పట్టెలు మాసినవానిని పోల్చుకొనుటకు వీపురెక్కల వెనుక యంచును చూడవలెను. దీని కది తిన్నగనో గుండ్రముగనో యుండును. దీని బంధువైన గోధుమపట్టెల వెదురుసొరకు లోనికి వంగియుండును.

ఈ సొర గ్రుడ్లుపెట్టును. తోలుసంచివంటి పెంకులోని గ్రుడ్డును సముద్రపు టడుగున విడిచి తల్లి తనదారిన పోవును. బయటికి వచ్చు పిల్ల జానెడైనను ఉండదు.

పదునెనిమిదవ శతాబ్దాంతమున పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున రెండువందల చేపలను పరిశీలించి, జాలరులు చెప్పిన పేర్లతోసహా వాని వర్ణనలను, చిత్రములను 1803లో లండనున ప్రకటించెను. ఒక సొరజాతి శాస్త్రనామమున 'సొర్రా' యను మాట నేటికిని నిలిచియున్నది. బూడిదవన్నె సొరకు 1838లో ముల్లర్, హెన్లే అను జర్మను పండితులు శాస్త్రనామ మొసగిరి.

నేడు అడుగును ఊడ్చు ట్రాలువలలో ఈ సొరలును చిక్కుచున్నవి. చిన్నసొరలన్నింటిని ఒకే రాశిగా పోసి, ఒకే పేరున లెక్కవ్రాసినచో, వానిలో నొక జాతి సన్నగిల్లినను ఆ లెక్కలో కానరాదు. రాశి నిండియే యుండును. జాతి మాత్రము తరిగిపోవును. కావున రెక్కయంచును, మాసిన పట్టెను పరికించుట పండితుల వినోదము కాదు. ఒక ప్రాణిని కాపాడవలెనన్న మొదట దానిని దాని పేరున గుర్తింపవలెను.