భుజాన వేలాడే ఐదు కిలోలు

మా ఇంట్లో వాయిద్యం అంటే అత్తగారి వీణే. బొబ్బిలి వీణ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేస్తారు. అదేం తేలిక వస్తువు కాదు. కానీ ఆవిడ చాప మీద కూర్చుని వాయించేవారు కాబట్టి బరువు ఆవిడకి తెలిసేది కాదు. మా అమ్మాయి ఎలక్ట్రిక్ గిటార్ నిలబడి వాయించాలి, భుజానికి తగిలించుకుని.

విశాఖలో డిగ్రీ చదువుతోంది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో సెకండ్ హ్యాండ్‌లో కొంది. కార్లకి రంగులు వేసే కుర్రాడి చేత ముదురాకుపచ్చ కొట్టించి, దాని మీద మన అరకు కాఫీ పూలు, ఎర్రటి పళ్లు వేయించుకుంది. "వేసవిలో పూసేవీ చలికాలంలో పండేవీ ఒక్క కొమ్మ మీదెలా ఉంటాయే?" అన్నాను. "గిటార్ మీద ఉంటాయిలే అమ్మా" అంది. నిజం చెప్పొద్దూ, చాలా బాగుంది.

సెలవులకి వచ్చినప్పుడు జడ వెయ్యమని నన్ను పిలిచింది. ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. వేళ్లు తిమ్మిరి. డాక్టరు కొన్నాళ్లు గిటార్ మానెయ్యమన్నారట. రెండు నెలల్లో కాలేజీ ఫంక్షన్‌లో వాయించాలి. మావారు "అమ్మేసెయ్" అన్నారు. "నా బొమ్మలున్నది ఎవరు కొంటారు నాన్నా?" అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

"అంత రంగు పూస్తే బరువెక్కదూ?" అని అత్తగారి వాదన. మిరియాలు కొనే షావుకారు కాటా మీద పెట్టించాను. 4 కిలోల 900 గ్రాములు! మా వడ్రంగి వెనకాల ప్లాస్టిక్ మూత విప్పి, లోపలి పచ్చికర్ర చూసి, వేలితో తట్టాడు. "రంగంతా గీకినా పావుకిలో తూగదమ్మా. బరువంతా కర్రదే" అన్నాడు.

అతను చెప్పింది నిజమేనని తర్వాత చదివితే తెలిసింది. ఈ గిటార్‌లో శబ్దాన్ని పట్టేది తీగల కింద ఉన్న అయస్కాంతపు చుట్టలు. అందుకని వీణ కుండలా లోపల తొలవక్కర్లేదు, గట్టి చెక్కే పెట్టేస్తారు. 1952లో వచ్చిన గిబ్సన్ లెస్ పాల్‌కి మహాగని, పైన మేపుల్ పలక. మామూలుగా నాలుగు, నాలుగున్నర కిలోలు. 1970లలో ఐదు దాటినవీ ఉన్నాయి. 1980లలో ఆ కంపెనీయే చెక్క లోపల తొలిచి బరువు తగ్గించడం మొదలుపెట్టింది. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అయితే మూడున్నర కిలోల దగ్గర ఉంటుంది. చెట్టుని బట్టి, ఆ ముక్కని బట్టి బరువు మారిపోతుంది. చిక్కటి రంగు వేశాక లోపల ఏ కర్రో, ఎన్ని ముక్కలు అతికారో కంటికి తెలియదు. ఏటికొప్పాక బొమ్మలకీ లక్కరంగే కదా, కానీ లోపలున్నది అంకుడు కర్ర, చేతిలో పెడితే దూదిలా ఉంటుంది. కాబట్టి కొనే పిల్లలుంటే చెప్పండి, ఫొటోలో రంగు చూసి కాదు, పది నిమిషాలు భుజాన వేసుకుని నిలబడి చూసి కొనమని.

బరువు ఒక ఎత్తు, అది పడే చోటు ఒక ఎత్తు. మన సంతకి కావిడితో వచ్చేవాళ్లు రెండు కొసలకీ సమానంగా కడతారు. గిటార్ అలా కాదు, మొత్తం ఎడమ భుజం మీద రెండంగుళాల పట్టీ మీదే పడుతుంది. ఆడపిల్లలకి ఆ పట్టీ కింద ఇంకో సన్న పట్టీ ఉంటుంది కదా, సరిగ్గా అక్కడే నొక్కుతోంది. పాపం డాక్టరుగారికి అది తట్టినట్టు లేదు. మా పిల్లకి అక్కడ కందిపోయిన గీత ఉంది.

వెనక నుంచి తొలిచి బరువు తగ్గిస్తానన్నాడు వడ్రంగి. రంగు పెచ్చులూడుతుందని ఇది ఒప్పుకోలేదు. పాత చేనేత దుప్పటి నాలుగు మడతలు వేసి, లోపల దూది పెట్టి, నాలుగంగుళాల వెడల్పు పట్టీ కుట్టాను. గుండీల దగ్గర పాత పట్టీ తోలే వేశాను, లేకపోతే జారిపోతుంది. డాక్టరు చెప్పిన మూడు వారాలూ ముట్టుకోలేదు. ఇప్పుడు సాధన అంతా కుర్చీలో కూర్చునే. నిలబడేది రెండు పాటలకే. తిమ్మిరి పోయింది, భుజం మాత్రం సాయంత్రాలు ఇంకా లాగుతోందంటుంది.

మావారు అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు. స్టేషన్ దాకా మోసేది ఆయనే. పెట్టెతో కలిపి ఎనిమిది కిలోల పైనే, దారిలో రెండుసార్లు భుజం మార్చుకుంటారు.