మా దానిమ్మ తోట – నీళ్ల లెక్క

మాది బళ్లారి జిల్లా. ఇంట్లో తెలుగు, బయట కన్నడం. 1953లో పూర్తయిన తుంగభద్ర ఆనకట్ట దగ్గరే ఉన్నా, మా చేను కాలువ కంటే ఎత్తులో ఉంది. మాకు బోరే దిక్కు.

తాత పాదులు చేసి నీళ్లు పారగట్టేవాడు. సగం నీళ్లు దారిలోనే ఇంకిపోయేవి, కలుపు పెరిగేది. నాయన డ్రిప్ వేయించినాడు. గంటకు 4 లీటర్లిచ్చే డ్రిప్పర్లు చెట్టుకు రెండు పెడితే, 3 గంటల్లో 24 లీటర్లు వేళ్ల దగ్గరికే చేరతాయి. తుంపర సేద్యం దానిమ్మకు మంచిది కాదు. ఆకులు, కాయలు తడిస్తే మచ్చ తెగులు పాకుతుంది.

డ్రిప్‌తోనూ పని ఉంది. ఉప్పు పేరుకొని డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఆదివారం నేనూ అక్కా పైపుల చివరి మూతలు తీసి కడుగుతాం. ఎండిన చెట్టుకు ఒక్కసారిగా నీళ్లు ఎక్కువైతే కాయ పగులుతుంది. పగిలిన కాయకు ధర రాదు. అక్క కాలేజీ ఫీజు ఆ కాయల్లోనే ఉంది.

డ్రిప్‌తో నీళ్లు మిగిలినాయని ఇంకో ఎకరం పెడదామని మామ అన్నాడు. "మిగిలింది బోరులోనే ఉండనీ, ఎండాకాలం ఉంది కదా" అన్నాడు నాయన. కొత్త మొక్కలు పెట్టలేదు. చెట్ల కింద వేరుశనగ పొట్టు పరిచినాము, తేమ నిలుస్తుందని.

మిత్రులారా, మీకూ తోట ఉంటే చెట్టుకు ఎన్ని లీటర్లు పోతున్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి.